గోడ మీద కుర్చీ

"కొత్త కుర్చీకి ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయండీ" అని ఎవరైనా అడిగితే పెన్సిలమ్మకి ఒళ్లు మండుతుంది. "సందు చివర కిలోల లెక్కన పోస్తున్నారు, సంచి పట్టుకెళ్లండి" అంటుంది. పంతొమ్మిదేళ్లుగా అదే ప్రశ్న మరి. కొత్తలో మనిషిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఓపిగ్గా చెప్పేది. జనం ఎలా కూర్చుంటారో చూడాలి, ఏ మోకాలు ఎక్కడ తగులుతుందో చూడాలి, చూసింది వెంటనే కాగితం మీద పెట్టుకోవాలి అని. ఇప్పుడు ఆ ఓపికా లేదు, నిజం చెప్పాలంటే ఆ ఆలోచనలూ రావట్లేదు. బావి అడుగున బకెట్ రాసుకుంటున్న చప్పుడు ఈమధ్య ఆమెకే వినిపిస్తోంది.

కార్డుల మీదా కాగితాల మీదా ఆమెకి వేరే పేరుంది. ఆ పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. కొప్పులో ఎప్పుడూ పెన్సిల్ గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి పెన్సిలమ్మ. మొదటిది ఉన్న సంగతి మర్చిపోయి రెండోది గుచ్చుకోవడం మామూలే. ఒకరోజు మూడు దొరికాయి. "వదిన తల నిండా కలపే" అని పాలిష్ తమ్ముడు వారం రోజులు నవ్వాడు.

వాళ్ల కొట్టు పొడుగాటి రేకుల షెడ్డు. వీధి వైపు ఆమె భర్త బల్ల వేసుకుని కూర్చుంటాడు, వచ్చినవాళ్లతో తీయగా మాట్లాడడం ఆయన పని. వెనక చివర రంపం బాబాయి కోత, పాలిష్ తమ్ముడి మెరుగు. ఇద్దరూ పనివాళ్లే, చుట్టాలు కారు, పిలుపులు అలా కుదిరిపోయాయంతే. మధ్యలో పాత పడక్కుర్చీలో మామగారు. డెబ్బై నాలుగేళ్లు. కొట్టు పెట్టింది ఆయనే. కళ్లలో శుక్లాలు ముదిరి, ఎదురుగా వచ్చింది ఎవరో గొంతు విన్నాక గాని చెప్పలేడు. ఆయనకి ఎదురుగా గోడ. గోడకి మేకులు కొట్టి నిలబెట్టిన నిలువెత్తు ప్లైవుడ్ పలక, తెల్లరంగు పూసినది.

ఆ పలకకి ఒక నియమం ఉంది. ఏ వస్తువైనా కోతకి వెళ్లేముందు దాని బొమ్మ అసలు కొలతల్లో అక్కడ గీయాలి. కుర్చీ ఎంతుంటే బొమ్మ అంత. సోమవారం గీస్తే శనివారం దాకా ఉంటుంది. ఆ ఆరు రోజులూ అటుగా పోయే ఎవరైనా సరే, పెన్సిల్ తీసి గీత మార్చొచ్చు, పాత గీతని తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఎవరు మార్చారని అడగకూడదు. నేనే మార్చానని చెప్పుకోకూడదు. శనివారం సాయంత్రానికి ఏముంటే అదే కోత.

ఈ నియమం ఊరికే పుట్టలేదు. వయసులో ఉన్నప్పుడు మామగారు ఒకరి మాట వినే రకం కాదు. ఒంటిచేత్తో ఒక బీరువా గీసి, కోసి, బిగించి, మెరుగు పెట్టి, తీరా పంపించే రోజున చూస్తే అది కొట్టు తలుపు కన్నా జానెడు వెడల్పు. అతుకులన్నీ జిగురు పట్టి బిగిసిపోయాయి, విప్పితే విరుగుతాయి. చివరికి గుమ్మం పగలగొట్టారు. "కొన్నవాడికి బీరువా ఇచ్చాం, చూసినవాళ్లకి వినోదం ఇచ్చాం" అంటాడాయన ఇప్పటికీ. ఒక్కడి కంటిని నమ్మకూడదని ఆ మర్నాడే పలక పెట్టాడు.

మంచి నియమమే, కాదనడానికి లేదు. కానీ పంతొమ్మిదేళ్లు చూశాక పెన్సిలమ్మకి అర్థమైందేమిటంటే, ఆరు రోజులు ఆ పలక మీద నానితే ఏ కుర్చీ అయినా ఒకటే కుర్చీ అవుతుంది. సోమవారం వంపు గీస్తే బుధవారానికి నిటారవుతుంది. కాలు సన్నగా గీస్తే రోజుకో నూలు లావెక్కుతుంది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కంటికి ఆనదు. అలాంటివి ఆరు కలిస్తే ఏనుగు కాలు. పోనీ ఎవరికైనా చెడగొట్టాలని ఉందా అంటే లేదు. బాబాయికి ఎక్కడ విరుగుతుందోనని భయం. తమ్ముడికి మెరుగు ఎక్కడ అంటదోనని బెంగ. మామగారు మాత్రం చూపు ఉన్నన్నాళ్లూ అలవాటు కొద్దీ దిద్దేవాడు, చూపు పోయాక అలవాటు బాబాయికి అప్పగించాడు.

ఈసారి ఆర్డరు లైబ్రరీది. చదువుకునే హాలుకి నలభై కుర్చీలు కావాలి, ముందు ఒకటి చేసి చూపించాలి. మొదట చేసింది తిరిగొచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం రెండోదీ తిరిగొచ్చింది. భర్త వ్యాను దిగి, కుర్చీని తనే మోసుకొచ్చి పలక ముందు దింపాడు.

"ఏమందావిడ?" అంది పెన్సిలమ్మ. ఆవిడంటే లైబ్రరీ మేడమ్.

"ఏమందో సగమే వినిపించింది. ముప్పై ఏళ్లు లైబ్రరీలో ఉండి ఆవిడకి గుసగుస తప్ప వేరే గొంతు లేదు. ఇంటికి నిప్పంటుకున్నా గుసగుసగానే అరుస్తుంది."

"వినిపించిన సగం చెప్పండి."

"'పాతదే మళ్లీ తెచ్చారు కదండీ' అంది. హాల్లో ఉన్న కుర్చీ ఒకటి లాగి దీని పక్కన పెట్టింది. అది నాన్న ఇరవై రెండేళ్ల కింద చేసింది. ఇది మనం పోయినవారం చేసింది. నిజం చెబుతున్నా, నాకే తేడా తెలియలేదు. కాసేపుంటే నాన్న చేసిందే వ్యానెక్కించుకొచ్చేవాణ్ని."

పాలిష్ తమ్ముడు నవ్వబోయి ఆగాడు. పెన్సిలమ్మ మొహం చూశాడు.

"నేను గీసింది ఇది కాదు" అందామె. గొంతు పెద్దది చేయలేదు, అదే అందర్నీ కదలకుండా చేసింది. "నేను సన్నటి కాళ్లు గీశాను. వెనక వంపు గీశాను. అవెక్కడికి పోయాయో పెన్సిలు పట్టిన చేతులకి తెలుసు. పంతొమ్మిదేళ్లలో ఒక్క కుర్చీ నేను గీసింది గీసినట్టు గుమ్మం దాటిన పాపాన పోలేదు. మీ దిద్దుబాట్లకో దండం. ఇకనైనా నన్ను నా మానాన వదిలేయండి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు బాబాయి రంపం పళ్లు తడిమి చూసుకున్నాడు. మామగారు పడక్కుర్చీలోంచి తల ఇటు తిప్పాడు. ఆయన ఎదుట ఆమె అలా మాట్లాడడం అదే మొదలు.

టీ తాగేటప్పుడు భర్త ఆమెని వీధి బల్ల దగ్గరికి పిలిచాడు.

"సోమవారం నుంచి మూడు వారాలు గడువడిగాను. ఇచ్చింది. ఇదే ఆఖరు" అన్నాడు. "ఇదీ తిరిగొస్తే ఇంక గీతలు వద్దు. ఫ్యాక్టరీ సోఫాలాయనతో మాట్లాడాను. సరుకు వాళ్లే తెచ్చి పెడతారు, మనం అమ్మిపెట్టడమే. ఆ పలక తీసేస్తే ఆ గోడకి ఆరు సోఫాలు పడతాయి."

"ఆరు పడతాయని ఎలా తెలుసు?"

"టేపు పెట్టి కొలిచాను. నువ్వు నేర్పిందే కదా."

"మరి నేను?"

"నువ్వు ఇక్కడ నా పక్కన కూర్చోవచ్చు. బొమ్మల పుస్తకం తెరిచి చూపించడమే. తలకాయ నొప్పి ఉండదు." టీ గ్లాసు బల్ల మీద పెట్టి మెల్లగా అన్నాడు. "నాకు మాత్రం సరదానా చెప్పు. నువ్వు గీస్తావు, వాళ్లు చేస్తారు. ఆ ఛీకొట్టిన కుర్చీని పదిమంది ముందు వెనక్కి మోసుకొచ్చేది నేనే."

ఆయన మాటలో తప్పు లేదు. తలకాయ నొప్పి ఉండదన్న మాట ఒక్క క్షణం ఆమెకి చల్లగా కూడా తగిలింది. పొద్దున్నే లేచి ఏమీ ఆలోచించక్కర్లేదు. ఎవరో గీసింది ఎవరో చేస్తే, పేజీ తిప్పి వేలితో చూపించడం. అంత హాయిగా అనిపించేసరికి ఆమెకి భయమేసింది. చేతిలో పెన్సిల్ లేని తను ఎలా ఉంటుందో ఊహించుకోబోతే, కనిపించింది కుర్చీలో కూర్చున్న ఎవరో ఆవిడ.

సోమవారం పొద్దున్న తొమ్మిదికల్లా లైబ్రరీకి వెళ్లి మూల కుర్చీలో కూర్చుంది. అంతకుముందు రెండు రోజులూ ఫోన్లో కుర్చీల ఫోటోలు చూసింది. వందలు చూసింది. ఎంతో అందమైనవి, ఒకదాన్ని మించి ఒకటి. కానీ ఆ ఫోటోల్లో ఒక్క కుర్చీలోనూ మనిషి లేడు. మనిషి లేని కుర్చీని అందంగా గీయడం ఎవడికైనా చేతనవుతుంది, అనుకుని ఫోన్ పక్కన పడేసింది.

మొదటి రోజు ఏమీ కనిపించలేదు. పొడుగాటి బల్లలు, వాటికి అటూ ఇటూ మామగారు చేసిన కుర్చీలు, తలలొంచుకుని పరీక్షలకి చదువుకునే కుర్రకారు. ఫ్యాన్ గాలికి పదకొండింటికే కళ్లు మూతలు పడ్డాయి. ఎవరో భుజం తట్టారు. మేడమ్.

"గురక" అంది మేడమ్ గుసగుసగా.

రెండో రోజు కునుకు పట్టబోతుండగా దబ్బుమని ఏదో పడింది. హాలంతా తలలెత్తింది. ఒకబ్బాయి లేచి నిలబడ్డాడు, వెనక అతని కుర్చీ వెల్లకిలా పడి ఉంది. లేవదీసి వెళ్లిపోయాడు. అరగంటకి ఇంకొకటి. మధ్యాహ్నానికి పదకొండు. పడ్డ ప్రతిసారీ మేడమ్ కళ్లు మూసుకుని తెరుస్తోంది, ఎవరో నెత్తిన మొట్టినట్టు.

పెన్సిలమ్మ నిద్ర ఎగిరిపోయింది. దేనికి పడుతున్నాయి? గంటసేపు చూస్తే తేలిపోయింది. మామగారి కుర్చీ వెనక పలకకి పైన రెండు చివరలా రెండు కొమ్ములుంటాయి, కొట్టులో వాటిని చెవులంటారు. అందానికి పెట్టినవి. వచ్చిన ప్రతివాళ్లూ పుస్తకాల సంచి తెచ్చి ఆ చెవులకి తగిలిస్తున్నారు. మనిషి కూర్చున్నంతసేపూ ఫరవాలేదు. లేచారంటే ముందు బరువు పోతుంది, వెనక సంచి లాగుతుంది, కుర్చీ దబ్బుమంటుంది.

బయట వరండాలో నీళ్లు తాగుతున్న ఒకమ్మాయిని ఆపింది. నీలం సంచి ఆమెది, కుర్చీ రెండుసార్లు పడింది ఆమెదే.

"సంచి కింద పెట్టుకోవచ్చు కదమ్మా?"

"కింద పెడితే నా కాలు తగులుతుందండీ. నాది కాకపోతే ఎదుటివాళ్లది. అప్పుడు సారీలు, పరిచయాలు, కబుర్లు. పరీక్ష ఈ ఏడాది కూడా పోతుంది."

"కుర్చీ కింద అర ఉంటే?"

"వంగి తీసుకోవాలా ప్రతిసారీ? వెనకుంటే చెయ్యి ఇలా పెడితే అందుతుంది." ఆ పిల్ల చెయ్యి వెనక్కి తిప్పి చూపించింది. "మీరు లైబ్రరీ వాళ్లా?"

"కుర్చీల వాళ్లం."

"ఓ. ఇవి మీరేనా చేసింది?" అని, ఇంకేదో అనబోయి, పెద్దావిడ కదా అని మింగేసి వెళ్లిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నానికి పెన్సిలమ్మ పుస్తకంలో బొమ్మ పడింది. సంచి వెనకే ఉంటుంది, దాన్ని మాన్పించడం మన తరం కాదు. కాబట్టి సంచి వేలాడే చోటు కిందికి కుర్చీయే వెనక్కి రావాలి. వెనక కాళ్లు నేల దగ్గర నాలుగు వేళ్ల మేర వెనక్కి చాపితే, సంచి ఎంత లాగినా కుర్చీ లేవదు. గీసి చూసుకుంటే పరిగెత్తబోయే జంతువులా బాగుంది కూడా. సంతోషం కాదు గాని, ఎక్కడో బిగిసిన నరం వదులైనట్టు అనిపించింది.

మరుసటి సోమవారం పలక మీద అసలు కొలతల్లో గీసింది. గీసి, తడిగుడ్డ మడిచి కింద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మంగళవారం వచ్చి చూస్తే గీత గీసినట్టే ఉంది. మొదటి రోజు కదా అనుకుంది. బుధవారం కూడా అంతే. ఒక్క నూలు కదల్లేదు. లోపల్లోపల గర్వపడింది, ఈసారి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదన్నమాట అని. గురువారం కూడా చెక్కు చెదరకపోయేసరికి గర్వం తగ్గి అనుమానం మొదలైంది. పంతొమ్మిదేళ్లలో పలక మీద బొమ్మ గురువారం దాకా శుభ్రంగా ఉన్నది లేదు. ఆఖరికి స్టూలు గీసినా ఎవరో ఒకరు కాలు లావు చేసేవారు.

శుక్రవారం రంపం బాబాయి దగ్గరికెళ్లింది.

"చూశారా బాబాయ్?"

"చూశానమ్మా."

"ఎలా ఉంది?"

"నీ గీత నీది. మాదేముంది, కొయ్యమంటే కొయ్యడమే." చిత్రిక పట్టడంలో మునిగిపోయాడు. ఆ చెక్క అప్పటికే అద్దంలా ఉంది.

పాలిష్ తమ్ముడైతే ముందే చేతులెత్తాడు. "నన్నడక్కు వదినా. మొన్న దండం పెట్టావు కదా, ఆ దండం ఇంకా నా దగ్గరే ఉంది."

అప్పుడర్థమైంది. ఎవరూ వంక దొరక్క ఊరుకోలేదు, మాట పడి ఊరుకున్నారు. అలిగిన మగాళ్లతో వేగడం కన్నా పసిపిల్లలతో వేగడం మేలు, పసిపిల్లలు ఏడ్చైనా చెబుతారు. ఆ సాయంత్రం పలక ముందు నిలబడి తనే తప్పు వెతకబోయింది. కనిపించలేదు. పది రోజులుగా అదే బొమ్మ కంట్లో తిరుగుతోంది, ఇంకెక్కడ కనిపిస్తుంది. తను అడిగింది అడిగినట్టే ఇచ్చారు, ఒక్క పెన్సిలూ తగల్లేదు. ఆ తెల్ల పలక మీద ఒంటరిగా నిలబడ్డ గీతని చూస్తుంటే, ఎక్కడో ఒక గుమ్మం పగలబోతోందనిపించింది. ఎక్కడో తెలియడం లేదు.

శనివారం నాలుగింటికి బాబాయి కోతకి చెక్క సిద్ధం చేసుకున్నాడు. పెన్సిలమ్మ వెళ్లి మామగారి పడక్కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"మామయ్యా, బొమ్మ ఒకసారి చూడండి."

"ఏం చూడమంటావ్? నాకు నువ్వే మబ్బులా కనిపిస్తున్నావ్."

"చూడకపోతే మానండి, చెప్పండి."

"వదిలేయమన్నావ్. వదిలేశాం."

"అన్నాను. ఒళ్లు అలిసిపోయి అన్నాను. మీ దిద్దుబాట్లు లేకుండా కోస్తే ఏమవుతుందో తెలియక నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. ఇది తిరిగొస్తే రేపు ఆ గోడకి సోఫాలొస్తాయి, నేను వీధిలో కూర్చుని పేజీలు తిప్పుతాను. అది మీకిష్టమైతే చెప్పకండి."

ముసలాయన పడక్కుర్చీలో ముందుకి జరిగాడు. తర్వాత చెయ్యి చాపాడు. "లేపు. వేలు పట్టుకుని గీత వెంబడి తిప్పు."

ఆయన చూపుడువేలు పట్టుకుని పలక మీద ముందు కాలు, కూర్చునే పలక, వెన్ను అన్నీ తిప్పింది. వెనక కాలి దగ్గరికొచ్చేసరికి వేలు కిందికి జారుతూ జారుతూ ఆగింది.

"ఇంత దూరమా? దీని వెనకేముంది?"

"ఏమీ లేదు, ఖాళీ."

"లైబ్రరీలో కుర్చీ వెనక ఖాళీ ఎందుకుంటుంది అమ్మాయ్? ఇంకో వరస కుర్చీలుంటాయి. రెంటి మధ్యా నడవ ఎంత?"

పెన్సిలమ్మ తన పుస్తకం తిరగేసింది, నడవ కొలత అందులో లేదు. మూడు రోజులు ఆ హాల్లో ఉంది. కూర్చున్నవాళ్లని చూసింది, లేచినవాళ్లని చూసింది, పడ్డ కుర్చీలు లెక్కపెట్టింది. ఆ వరసల మధ్య నడిచి వెళ్లేవాళ్ల మీద ఒక్కసారి కూడా కన్ను పడలేదు. తను కూడా నడవలేదు. మూల కుర్చీలో కూర్చుని కనుక్కున్న కుర్చీ అది.

అప్పటికప్పుడు మేడమ్‌కి ఫోన్ చేసింది. అందరికీ వినపడేలా స్పీకరు పెడితే, ఆ గుసగుసకి నలుగురూ ఫోన్ మీదికి వంగారు.

"టేపు లేదండీ. నా దగ్గర అడుగు స్కేలుంది" అంది మేడమ్. చెప్పుల చప్పుడు, కాసేపు నిశ్శబ్దం. "రెండు స్కేళ్లూ, ఒక జానా. మా పుస్తకాల బండి పట్టేంత. బండికి అటూ ఇటూ మూడేసి వేళ్లు మిగులుతాయి."

రెండు వైపుల నుంచీ నాలుగేసి వేళ్లు కాళ్లు చాచి ఉంటే బండి మొదటి కుర్చీ దగ్గరే ఆగిపోతుంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ హాల్లో పుస్తకాలు కదలడం మానేసేవి. పాలిష్ తమ్ముడు తల గోక్కున్నాడు. "బీరువా కన్నా పెద్దదయ్యేది వదినా ఇది. నలభై బీరువాలు."

"అయితే రెండు వేళ్లకి మించి చాపకూడదు" అన్నాడు బాబాయి, ఆఖరికి నోరు విప్పి. "రెండు వేళ్లకి సంచి ఆగదు."

తిరిగొచ్చిన కుర్చీ అక్కడే ఉంది. దాని వెనక కాళ్ల కింద రెండు వేళ్ల చెక్కముక్కలు వెనక్కి పొడుచుకొచ్చేలా మేకు కొట్టారు. మేకుల బకెట్‌ని తాడు కట్టి చెవికి తగిలించారు. కుర్చీ వెనక్కి పడింది. మళ్లీ లేపారు, మళ్లీ పడింది.

"ఎక్కడ తగిలించారు?" అన్నాడు మామగారు.

"పైన, చెవికి."

"కిందికి దింపండి. జానెడు." ఆయన తన అరచేతిని గాలిలో ఏటవాలుగా పెట్టాడు. "వెన్ను పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది. పైన తగిలిస్తే బరువు కాళ్లకి అవతల పడుతుంది. కింద ఇంకా వాలలేదు, బరువు కాళ్ల మీదే ఉంటుంది. చెవులు నేను పెట్టాను, బుద్ధి లేక. కోసి పారేయండి."

జానెడు కిందికి మేకు కొట్టి బకెట్ తగిలించారు. కుర్చీ నిలబడింది. భర్త వీధి బల్ల వదిలేసి వచ్చి, నమ్మకం లేనట్టు ఒకటికి రెండుసార్లు ఊపి చూశాడు.

ఆ తర్వాత గంటసేపు పలక ముందు సంత. తలో పెన్సిలూ తీశారు. కానీ ఈసారి పెన్సిలమ్మ పక్కకి పోలేదు. పలకకి చేరగిలబడి నిలుచుని, గీత మీద చెయ్యి పడ్డ ప్రతిసారీ "ఎందుకు?" అంది.

"కాలు ఒక్క నూలు లావు చేద్దాం" అన్నాడు బాబాయి.

"ఎందుకు?"

"ఎందుకేంటమ్మా, ఎప్పుడూ అంతే కదా."

"అది కారణం కాదు బాబాయ్."

బాబాయి ఆలోచించి పెన్సిల్ చెవి మీద పెట్టేసుకున్నాడు.

"ఈ అంచు గుండ్రం చేద్దాం వదినా."

"ఎందుకు?"

"పదునుగా ఉంటే సంచి రాసుకుని మెరుగు ముందు అక్కడే ఊడుతుంది."

"సరే, చెయ్యి."

ఆరింటికి పలక మీద మిగిలిన కుర్చీ ఆమె గీసింది కాదు, వాళ్లెప్పుడూ చేసేదీ కాదు. పరిగెత్తబోయే జంతువు పోయింది. నిలబడి ఎవరికోసమో చూస్తున్న మనిషిలా ఉంది. ఎవరు మార్చారని అడగకూడదన్న నియమం ఆ గంటలో ఎన్నిసార్లు తప్పారో లెక్క లేదు, మామగారు అడ్డు చెప్పలేదు. బాబాయి రంపం అందుకున్నాడు.

మూడో వారం కుర్చీ చేశారు. సోమవారం పొద్దున్న భార్యాభర్తలిద్దరూ వ్యానులో లైబ్రరీకి తీసుకెళ్లారు. మేడమ్ కుర్చీ చుట్టూ తిరిగింది. వెన్ను మధ్యలో, మేకు కొట్టి చూసిన చోట పెట్టిన కర్ర కొక్కెం ముట్టుకుంది. పుస్తకాల బండిని తనే తోసుకుంటూ దాని వెనక నుంచి వెళ్లింది. తర్వాత నీలం సంచి అమ్మాయిని వేలితో పిలిచి అందులో కూర్చోబెట్టింది. ఆ పిల్ల సంచి ఎత్తి చెవుల కోసం వెతికింది, లేవు. చెయ్యి కిందికి జార్చి కొక్కేనికి తగిలించి, పుస్తకం తెరిచింది.

ఇంక చేయడానికేమీ లేదు. ఆ పిల్ల లేవాలి, అంతే. పిల్ల లేవలేదు. గంట గడిచింది. భర్త గోడ గడియారం చూస్తున్నాడు. పెన్సిలమ్మ కళ్లు మూతలు పడుతుంటే గోళ్లతో అరచేయి గిల్లుకుంది. రెండు గంటలకి పిల్ల ఒళ్లు విరుచుకుని, లేచి, వరండాలోకి వెళ్లింది.

కుర్చీ కొంచెం ఊగింది. నిలబడింది.

మేడమ్ ఇద్దర్నీ తన గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసింది. తలుపు మూసినా గుసగుసే. "పన్నెండు చేయండి ముందు. ఆరు నెలలు చూసి మిగతావి చెబుతాను."

"నలభై అన్నారండీ" అన్నాడు భర్త.

"అన్నాను. పన్నెండు చేయండి."

బయటికొచ్చాక ఆయన ముందు నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, "పన్నెండంటే ఆరు నెలల దాకా పలక తియ్యడం కుదరదు" అన్నాడు. "సోఫాలాయనకి ఆగమని చెబుతాను. నువ్వు మాత్రం ఇలాంటివి రెండు మూడు గీసి ఉంచు. ప్రతిసారీ ప్రాణం మీదికి తెచ్చుకోలేం."

"గీస్తాను" అంది. గెలిచినట్టు లేదు. ఓడిపోలేదన్న సంగతి ఒళ్లు ఇంకా నమ్మినట్టూ లేదు. ఇంకో ఆరు నెలలు పొద్దున్నే లేచి మనుషుల మోకాళ్ల వంక చూడాలి, బాబాయిని ఎందుకని అడగాలి, అతనికి కోపం రాకుండా అడగాలి. అది తను కోరుకున్నదే. కోరుకున్నది కూడా ఇంత బరువుంటుందని ఎవరూ చెప్పలేదు.

"వ్యాను తెస్తాను, ఇక్కడే ఉండు" అని భర్త వెళ్లాడు.

ఆమె లైబ్రరీ మెట్టు మీద కూర్చుంది. మెట్టు బాగా పొట్టి, మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి, వెనక ఆనుకోవడానికేమీ లేదు. ఏ లెక్కన చూసినా అది కూర్చునే కొలత కాదు, అయినా లేవబుద్ధి కాలేదు. వ్యాను వచ్చి హారన్ రెండుసార్లు కొట్టింది. ఇంకొక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తింది.